కడిగిన జాడీ

హెర్నియా ఆపరేషన్‌కని వారం రోజుల లెక్కన సర్కారు దవాఖానకు వెళ్లిన ప్రకాశం, కోసిన చోట మానక ఇరవై రెండు రోజులు అక్కడే ఉండిపోయాడు. ఇంటికొచ్చిన రోజు, పొట్ట మీద చెయ్యి అదిమి పెట్టుకుని గౌలిపుర సందులో రిక్షా దిగి, వాకిట్లో అడుగు పెట్టగానే ఆయనకు మొదట కనిపించింది తన జాడీ. బర్రెల కొట్టం పక్కన అరుగు మీద మూతి ఎండకు పెట్టి పడుకోబెట్టి ఉంది. ఎండలో తళతళా మెరుస్తోంది.

ఆ జాడీ మెరవకూడదు. పద్దెనిమిదేళ్లుగా దాని లోపలి భాగాన్ని ఎవరూ మెరిపించలేదు.

"వచ్చినవా అన్నా!" అంటూ పాల తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికొచ్చింది నాగమణమ్మ. ఇల్లు ఆమెది. నాలుగు బర్రెలు, ఇద్దరు కొడుకులు, పొద్దున్నే యాభై ఇళ్లకు పాలు. వెనక గది ప్రకాశానికి అద్దెకిచ్చింది. "ఎంత చిక్కిపోయినవే! జాడీ సూసినవా? బోనాలకు ఇల్లంత సున్నం ఏపిచ్చిన. నీ అర్రల ఏందో పులిసిన వాసన. ఏందని సూస్తే జాడీ అడుగుకు బంక లెక్క పేరుకపోయింది మురికి. పాపం, ఆడదిక్కు లేని ఇల్లు, గట్లనే ఉంటదిలే అనుకున్న. బూడిద పెట్టి మూడుసార్లు తోమి, సలసల మసిలే నీళ్లు పోసి కడిగిన. ఇప్పుడు అండ్ల పాలు పోసినా ఇరగవు!"

పాలు అమ్ముకునే ఇంట్లో అంతకు మించిన మెచ్చుకోలు లేదు. పాల కుండను మసిలే నీళ్లతో కడగకుండా పెడితే మర్నాటికి పాలు విరుగుతాయి, పాలు విరిగితే యాభై ఇళ్ల నోళ్లు లేస్తాయి. కాపురానికి వచ్చిన నాటినుంచి నాగమణమ్మ చేస్తున్నది అదే పని. కుండ కనపడితే కడుగుతుంది. అందులోనూ అమ్మవారి పండుగ. అమ్మవారు వీధిలోకి వస్తుంటే ఇంట్లో మురికి జాడీ ఉంచుతుందా?

"మంచి పని చేసినవ్ చెల్లె," అన్నాడు ప్రకాశం. "అండ్ల ఉన్నదేం జేసినవ్?"

"కుడితి తొట్ల పోసిన. నల్ల బర్రె తాగింది. ఇగ సూడు అన్నా, రెండు రోజులు తాగుబోతు లెక్క ఊగుకుంట నిలవడ్డది! పాలు గూడ సగమే ఇచ్చింది దొంగముండ!" ఆమె పగలబడి నవ్వింది. ప్రకాశం కూడా నవ్వాడు. నవ్వితే కుట్లు గుంజాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. దానికి కారణం కుట్లేనని ఆమె అనుకుంది. అది ఒక రకంగా మేలే అయింది.

ఆమె లోపలికి వెళ్లాక ప్రకాశం కుడితి తొట్టి దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. అదీ కడిగే ఉంది.

జాడీ అడుగున ఉన్నది మురికి కాదు. మాణిక్యమ్మ మడ్డి.

మాణిక్యమ్మ ప్రకాశం భార్య. పెళ్లికి ముందు ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసింది. అక్కడి ముసలి దొరసాని నర్సు క్రిస్మస్‌కు తేనెతో, పళ్లతో వైను చేస్తుంటే పక్కన నిలబడి గరిటె తిప్పేది. పెళ్లై ఈ గదిలోకి వచ్చాక ఆమె భర్తను అడిగిన మొదటి సామాను ఈ జాడీ. నల్లద్రాక్ష తెప్పించి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, వేళ్లతో పిసికి తేనెనీళ్లలో వేసింది. ఈస్టు పొట్లం కొనలేదు. "ద్రాక్షతోలు మీద ఉంటదట, మనిషి చేతి మీద ఉంటదట. దానంతట అదే లేస్తదని దొరసాని చెప్పింది," అన్నది. లేచింది. మూడో రోజుకు జాడీ మూతికి కట్టిన గుడ్డ కింద చిటపటమని సన్నటి చప్పుడు. గుడ్డకు చెవి ఆనించి ఆమె వింటుంటే, వర్క్‌షాపు నుంచి గ్రీజు చేతులతో వచ్చిన ప్రకాశాన్ని కూడా పక్కన కూర్చోబెట్టి వినిపించింది. ఇరవై ఒక్క రోజులు అలా చప్పుడు చేసి జాడీ ఊరుకుంది.

ఆ వైను వడగట్టాక అడుగున మిగిలిన మడ్డిని మాణిక్యమ్మ పారేయలేదు. దాని మీదనే మళ్లీ తేనెనీళ్లు పోసింది. ద్రాక్ష రోజుల్లో ద్రాక్ష, వానలు మొదలయ్యేటప్పుడు అల్లనేరేడు. ఒకసారి సీతాఫలంతో చేయబోయి, ఆ కంపుకు వారం రోజులు సందులో అందరి చేతా తిట్లు తిన్నది. పండు ఏదైనా మడ్డి మాత్రం అదే. వైను చేయని రోజుల్లో వారానికొక గరిటెడు తేనె పోస్తే బతికి ఉండేది. పద్దెనిమిదేళ్లు బతికింది.

వాళ్లకు పిల్లలు కలగలేదు. ముందటేడు మాణిక్యమ్మ కామెర్లతో పోయింది. చీరలు ఎవరెవరో అడిగి తీసుకున్నారు. ఫోటో ఒకటుంది, అందులో ఆమె ఎవరో పరాయి మనిషిలా బిగుసుకుని నిలబడింది. సమాధుల తోటలో ఉన్నది మట్టి. కానీ ఆమె వేళ్ల మీది నుంచి ఆ ద్రాక్ష రసంలోకి దిగినదేదో ఆయన దవాఖానకు పోయే దాకా ఈ గదిలో తేనె తిన్నది, ఊపిరి తీసింది, చిటపటమన్నది. ప్రకాశం వారం వారం దానికి తేనె పోస్తూ రెండేళ్లు గడిపాడు. రిటైరైన ఫిట్టరుకు వేరే పనేముంది? ఇది పిచ్చి అనేవాళ్లు అనుకోవచ్చు. ఆయన ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఎవరూ అనలేదు. దవాఖానకు పోయే రోజు కూడా నొప్పితో మెలికలు తిరుగుతూ, తాళం చెవి నాగమణమ్మ చేతిలో పెట్టి, పిల్లి గురించి చెప్పాడు, కిటికీ గురించి చెప్పాడు, జాడీ గురించి చెప్పలేదు. వారంలో వస్తాను కదా అనుకున్నాడు. మొగుడు చచ్చిన ఆడమనిషితో, పెళ్లాం చచ్చిన మొగవాడు, జాడీలో నా భార్య ఉంది చూడు అని ఎలా చెబుతాడు?

ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. పొద్దున లేచేసరికి ఒక ఆశ పుట్టింది. వైను సీసాల అడుగున కూడా కాస్త మడ్డి దిగుతుంది. ఎవరి ఇంట్లోనైనా పాత సీసా ఒకటుంటే, అడుగున వేలెడు మడ్డి ఉంటే, దానితో మళ్లీ లేపొచ్చు. తన దగ్గర సీసా లేదు. ఈస్టర్ దాటి వైను ఇంట్లో ఉండకూడదని మాణిక్యమ్మ పెట్టిన కట్టడి. "ఇంట్ల ఉంటే మొగోని చెయ్యి ఊకోదు," అనేది. మిగిలినదంతా పంచిపెట్టేది. ఆమె పోయినా ఆ కట్టడి పోలేదు.

ముందు ధూల్‌పేట్ వెళ్లాడు. వర్క్‌షాపులో తనతో వెల్డింగ్ చేసిన బాలకిషన్ ఈ రోజుల్లో ఇంటి ముందు తడకల కింద వినాయకులను చేస్తుంటాడు. మోకాళ్ల దాకా మట్టి, చుట్టూ తలల్లేని వినాయకులు.

"అరె ప్రకాశం భాయ్! ఆపరేషన్ అయిందంటగా, ఎట్లుంది తబియత్?"

"మస్తుగున్న. ముందటేడు కిస్మస్‌కు సీసా ఇచ్చిన గద, అండ్ల ఏమన్న మిగిలిందా?"

బాలకిషన్ విరగబడి నవ్వాడు. "మిగులుడా? అదే రోజు సాఫ్! సీసా ఉన్నది, కావాల్నా?" అంటూ గూట్లోంచి తీసిచ్చాడు. అందులో వార్నిష్ ఉంది.

మరో మూడిళ్లు తిరిగాడు. ఒకరు తాగేశారు, ఒకరు బంధువులకిచ్చారు. ఒకామె, "ఆ అడుగున ఉన్న మురికా? అది పారేసి సీసా కడిగి పెట్టినా," అన్నది. ఊళ్లో ఇంత శుభ్రత ఉందని ప్రకాశానికి అంతవరకు తెలియదు.

చివరికి సైదాబాద్‌లో బాబురావు ఇల్లు మిగిలింది. ఈయన చర్చి సంఘంలో పెద్ద. గుంటూరు వైపు నుంచి వచ్చి ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా ఉన్నాడు. మందు వాసన పడదు. అలాంటి ఇంట్లో సీసా ఎందుకుంటుందిలే అనుకుంటూనే బస్సెక్కాడు.

బాబురావు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. ప్రకాశం అడగ్గానే షోకేసు తలుపు తీశాడు. పింగాణీ బొమ్మల పక్కన, బైబిలు పరీక్షలో పిల్లలకు వచ్చిన కప్పుల వెనక, ఒక సీసా. బిరడా మీది లక్క ఇంకా విరగలేదు.

"మీరు ముందటేడు క్రిస్మస్‌కు ఇచ్చింది ఇదేనండి. మాణిక్యమ్మగారు పోయిన రెండు నెలలకు తెచ్చి ఇచ్చారు, గుర్తుందా? ఆవిడ చేతి చివరి వైను కదా, తెరవబుద్ధి కాలేదు. ఇలా పెట్టుకున్నాం."

ప్రకాశం సీసాను వెలుతురుకు పట్టి చూశాడు. అడుగున తెల్లగా, వేలెడు మందాన మడ్డి.

"చూడండి, ఎంత బుద్ధిగా ఉందో," అన్నాడు బాబురావు. "అంతకు ముందు ఏడాది సీసా ఎండలకు పొంగి, బిరడా ఎగిరి, మా ఆవిడ అల్లిన గుడ్డలన్నీ ఖరాబైపోయాయి కదండీ! ఇది మాత్రం రెండు ఎండాకాలాలు దాటింది, కదల్లేదు మెదల్లేదు."

"నాకిది కావాలె సార్," అన్నాడు ప్రకాశం. విషయం చెప్పాడు, సగమే. జాడీ కడిగేశారని, మడ్డి మళ్లీ లేపుకోవాలని.

"దానికింత తిరగడమెందుకండీ? బజార్లో ఈస్టు దొరుకుతుంది. పావుశేరు కిస్‌మిస్ వేసినా లేస్తుంది. వైనుకేం, వస్తుంది."

"వైను వస్తది సార్," అన్నాడు ప్రకాశం. బాబురావు ఆయన ముఖం చూసి ఇంకేమీ అడగలేదు. సీసాను పాత పేపరులో చుట్టి ఇచ్చి, మెట్లు దిగి వచ్చి సాగనంపాడు. తిరుగు బస్సులో ప్రకాశం దాన్ని ఒళ్లో పెట్టుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా కుట్లను వదిలేసి సీసాను పట్టుకున్నాడు.

తేనెనీళ్లు కాచి, చల్లార్చి, ఆ కడిగిన జాడీలోనే పోశాడు. ద్రాక్ష వేయలేదు, కిస్‌మిస్ వేయలేదు. లేస్తే ఈ మడ్డి వల్లనే లేవాలి, మరే దిక్కుమాలినదాని వల్లా కాదు. సీసా తెరవగానే గది నిండా ఆమె వాసన. మడ్డి ఒక్కటే వంచుకుని వైను దాచుకోవచ్చు, కనీసం ఒక గుక్క తాగొచ్చు. కానీ వంచేటప్పుడు మడ్డిలో చుక్క తప్పిపోతుందేమోనన్న భయంతో సీసా మొత్తం జాడీలో బోర్లించాడు. సీసాలో తేనెనీళ్లు పోసి గిలకరించి అదీ పోశాడు. గుడ్డ కట్టాడు. చెయ్యి నాకి కూడా చూడలేదు.

మూడో రోజు పొద్దున చెవి ఆనించాడు. ఏమీ లేదు. మడ్డి పాతది కదా, నిద్ర లేవడానికి టైము పడుతుంది అనుకున్నాడు. నాలుగో రోజు వాన. చలికి లేవదని జాడీ చుట్టూ దుప్పటి కప్పి, తాను లుంగీ కప్పుకుని పడుకున్నాడు. ఆరో రోజు ఒక బుడగ కనిపించింది. గంటసేపు దాని ముందే కూర్చున్నాడు. అది గరిటె ఆడించినప్పుడు పట్టుకున్న గాలి. పగిలి పోయింది, రెండోది రాలేదు.

తొమ్మిదో రోజు గుడ్డ విప్పితే తేనెనీళ్ల మీద ఒక మూల తెల్లటి బూజు, రూపాయి బిళ్లంత.

దాన్ని గరిటెతో తీస్తుంటే, ఎందుకో బాబురావు మాట చెవిలో పడింది. కదల్లేదు మెదల్లేదు. రెండు ఎండాకాలాలు. మాణిక్యమ్మ సీసా ఏదీ అంత బుద్ధిగా ఉండేది కాదే! ప్రతి ఏడాదీ ఎవరింట్లోనో ఒకరింట్లో బిరడా ఎగిరేది, వాళ్లు వచ్చి లొల్లి చేసేవాళ్లు, ఆమె నవ్వి ఇంకో సీసా ఇచ్చేది.

గరిటె చేతిలోనే ఉండిపోయింది.

ముందటేడు డిసెంబరు. ఆమె పోయి రెండు నెలలు. సీసాల్లో పోసింది ప్రకాశమే. అంతకు ముందు ఏడాది బాబురావు భార్య గుడ్డలు ఖరాబైన సంగతి గుర్తొచ్చి, ఈసారి మాణిక్యమ్మ పేరున ఎవరూ ఒక మాట అనకూడదని, పెద్ద గంజులో నీళ్లు మసలబెట్టి, సీసాలన్నిటినీ అందులో నిలబెట్టి, అరగంట కాచాడు. వేడికి మడ్డి చస్తుంది, ఇక పొంగదు. వర్క్‌షాపులో ఎవరో చెప్పిన ఉపాయం. చస్తుందని తెలుసు. తెలిసే చేశాడు. జాడీలో ఉన్నది ఉండనే ఉంది కదా, సీసాల్లోది చస్తే ఏమిటి అనుకున్నాడు. తర్వాత ఆ సంగతే మరిచిపోయాడు.

ప్రకాశం నేల మీద చతికిలబడ్డాడు. ఇన్ని రోజులూ లోలోపల నాగమణమ్మను తిట్టుకున్నాడు. ఆమె బిందె చప్పుడు వినిపిస్తే ఒళ్లు మండేది. పాలు పోస్తుంటే ముఖం చూడలేకపోయేవాడు. తీరా చూస్తే తానూ చేసింది అదే పని. ఆమె తెలియక మసిలే నీళ్లు పోసింది, తాను తెలిసి పోశాడు. ఇక వెతకడానికి ఇల్లు లేదు, సీసా లేదు. మాణిక్యమ్మ ముందటేడు చచ్చిపోలేదు, ఇవాళ చచ్చిపోయింది అనిపించింది. జాడీకి తల ఆనించి ఏడ్చాడు.

"ఏందన్నా, జాడీతోని ముచ్చట వెడుతున్నవ్?" గుమ్మంలో పాలచెంబుతో నాగమణమ్మ. ఆయన ముఖం చూసి చెంబు కింద పెట్టింది. "ఏమైంది? కుట్లు సలుపుతున్నయా?"

చెప్పకూడదనుకున్నాడు. తొమ్మిది రోజులు చెప్పకుండా ఉన్నాడు కూడా. కానీ తన తప్పు బయటపడ్డాక దాన్ని ఒక్కడే మోయలేకపోయాడు. ద్రాక్ష పిసికిన చేతుల దగ్గర్నుంచి గంజులో కాచిన సీసాల దాకా అంతా చెప్పాడు. తప్పంతా తనదేనని చెప్పాడు. జాడీ కడిగిన సంగతి వచ్చినప్పుడు తొందరగా దాటేశాడు. కానీ ఆమె దాటలేదు.

"అంటే... ఆ అడుగున ఉన్నది..." నాగమణమ్మ గోడ పట్టుకుని కూర్చుంది. "మురికి కాదా అన్నా?"

"నీకు ఎట్ల తెలుస్తది చెల్లె? నేను చెప్పలే."

"నాకు తెల్వకుంటె ఎవలకు తెలుస్తది!" ఆమె నుదురు కొట్టుకుంది. "పెరుగు తోడువెట్టే దాన్ని! మా అత్త నేను కాపురానికొచ్చిననాడు ఇచ్చిన తోడు, ఇయ్యాల్టి దాక ఒక్క పూట తప్పలే. ముసల్ది సచ్చినప్పుడు మైల పదొద్దులు పక్కింట్ల వెట్టి బతికిచ్చుకున్న. ఒకసారి పిల్లి మూతి వెడితే, గిన్నె అంచుకు అంటుకున్నది గీకి మళ్ల లేపిన. అసొంటిదాన్ని, నీ పెండ్లాం తోడు బర్రెకు పోసిన్నా! పోసి, నీ ముంగటనే పండ్లికిలిచ్చి నవ్విన్నా!"

"ఊకో చెల్లె. సీసాలు కాచింది నేనే గద."

ఆమె వినలేదు. లేచి, చెంబు అక్కడే మరిచిపోయి వెళ్లిపోయింది. ఆ పూట ఆమె కొట్టంలోంచి బర్రెల అరుపులే తప్ప మనిషి గొంతు వినిపించలేదు.

మర్నాడు తెల్లవారి ప్రకాశం జాడీని బయట పారబోద్దామని లేచాడు. బూజు నిన్నటికి రెట్టింపైంది. అంచులు పట్టుకుని ఎత్తబోతుంటే తలుపు చప్పుడైంది. నాగమణమ్మ తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, రెండు చేతులతో ఒక ఇత్తడి గిన్నె పట్టుకుని నిలబడింది. గిన్నెలో నాలుగు చెంచాల పెరుగు.

"మా అత్త తోడన్నా. ముప్పై ఏండ్ల సంది నా చేతుల సావలే. అండ్ల ఏసి సూడు. ఏదో ఒకటి బతుకుతది."

పెరుగు తేనెనీళ్లలో పడితే ఏమవుతుందో ప్రకాశానికి తెలుసు. పులిసి, కుళ్లి కంపు కొడుతుంది. అందులో మాణిక్యమ్మ చివరి సీసా ఉంది. నాలుక మీద ఒక్క చుక్క పడకుండా పోసిన వైను ఉంది. ఇప్పటికైనా బూజు తీసేసి, ఒక గ్లాసు ముంచుకుని, ఆ రుచి ఎలా ఉండేదో చూడొచ్చు. నిన్నటి నుంచి ఆ ఒక్క ఆలోచనే మిగిలింది ఆయనకు.

నాగమణమ్మ కళ్లు ఉబ్బి ఉన్నాయి. రాత్రంతా నిద్ర పోలేదని తెలుస్తోంది. వద్దంటే ఆ గిన్నెతో వెనక్కి వెళ్లి, చచ్చేదాకా ప్రతి పొద్దూ పెరుగు తోడేస్తూ ఈ జాడీని తలుచుకుంటుంది.

ప్రకాశం జాడీని మళ్లీ కింద పెట్టాడు. గుడ్డ పక్కకు జరిపి, ఆమె చూడకుండా గరిటెతో బూజు తీసేశాడు.

"ఎయ్యి చెల్లె."

ఆమె కళ్లు మూసుకుని ఏదో మొక్కుకుని గిన్నె వంచింది. అడుగున అంటుకున్నది కూడా వేలితో తుడిచి వేసింది. తెల్లటి గడ్డలు తేనెనీళ్లలో మెల్లగా మునిగిపోయాయి. ప్రకాశం గుడ్డ కట్టాడు. ఆమె నేల మీద కూర్చుని, నిన్న ఆయన జాడీకి తల ఆనించినట్టే, గుడ్డకు చెవి ఆనించింది.

"ఏం ఇనవడ్తలేదన్నా. ఎన్నొద్దులు వడ్తది?"

"ఇరవై ఒక్క రోజు," అన్నాడు ప్రకాశం.